తుపాకీకి కంప్యూటర్ గురి: పేల్చే నిర్ణయం ఎవరిది?

కృష్ణాతీరం (విజయవాడ), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. క్షిపణులు, డ్రోన్లు, యుద్ధ విమానాల గురించి ఇక్కడ రోజూ చర్చ నడుస్తూనే ఉంటుంది. మామూలు జవాను చేతిలో ఉండే రైఫిల్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అందులో మార్పేముంటుందిలే అనుకుంటాం. కానీ చాలా మారింది.

2020 డిసెంబరులో మన నేవీ ఇజ్రాయెల్‌కు చెందిన స్మార్ట్‌షూటర్ కంపెనీ నుంచి స్మాష్ 2000 ప్లస్ అనే సైట్లు (రైఫిల్ మీద బిగించే గురి పరికరాలు) తీసుకుంటున్నట్టు వార్త వచ్చింది. 2022 జనవరిలో అమెరికా సైన్యం ఎక్స్‌ఎం157 అనే స్కోపు కోసం వోర్టెక్స్ కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చింది. పదేళ్లలో 2,50,000 దాకా, 270 కోట్ల డాలర్ల వరకు. 2023లో బ్రిటిష్ సైన్యం 46 లక్షల పౌండ్లు పెట్టి 225 స్మాష్ సైట్లు కొంది.

ఇందులో రెండు రకాలున్నాయి. వోర్టెక్స్‌ది లేజర్‌తో దూరం కొలుస్తుంది, గాలి పీడనం, ఉష్ణోగ్రత, తుపాకీ ఎంత వంగి ఉందో లెక్కేసుకుంటుంది, ఎక్కడ గురిపెడితే తగులుతుందో అద్దంలో చుక్క చూపిస్తుంది. అంతవరకే. పేల్చడం పూర్తిగా జవాను పని. స్మాష్ అక్కడితో ఆగదు. కెమెరాతో లక్ష్యాన్ని పట్టుకుని వెంటాడుతుంది. జవాను ట్రిగర్ నొక్కి ఉంచినా, గుండు తగిలే క్షణం వచ్చేదాకా తుపాకీని పేలనివ్వదు. ఆ క్షణం రాగానే వదులుతుంది.

నాకు అర్థం కానిది ఇదే. ఎప్పుడు పేలాలో యంత్రం తేలుస్తున్నప్పుడు, పేల్చింది ఎవరు? తగలకూడని మనిషికి తగిలితే సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి? సైన్యంలో చేసినవాళ్లు, ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్తారని అడుగుతున్నాను.

---

డల్లాస్_రావు (టెక్సాస్), శనివారం రాత్రి 9:50

కృష్ణాతీరం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ఇది సైన్యం కంటే ముందు మామూలు జనానికి అమ్మిన సరుకు అని చాలామందికి తెలియదు. మా టెక్సాస్‌లోనే ట్రాకింగ్‌పాయింట్ అనే కంపెనీ 2013లో మొదటి రైఫిల్ తెచ్చింది. ధర 22,000 డాలర్ల పైమాటే. లోపల నడిచేది లైనక్స్, కంప్యూటర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమే.

పనితీరు ఇలా ఉంటుంది. ట్రిగర్ గార్డు దగ్గర ఒక ఎర్ర బటన్. స్కోపులో చూస్తూ జింక భుజం మీద చుక్క పెట్టి ఆ బటన్ నొక్కితే గుర్తు పడుతుంది. జింక కదిలినా ఆ గుర్తు దాని ఒంటిమీదే ఉంటుంది. తర్వాత ట్రిగర్ లాగి పట్టుకోవాలి. మీ చెయ్యి వణుకుతుంటే గురి చుక్క అటూ ఇటూ ఊగుతుంది కదా, అది గుర్తు మీదికి వచ్చేదాకా ట్రిగర్ బిగుసుకుని ఉంటుంది. రెండూ కలిసిన క్షణాన ట్రిగర్ బరువు తగ్గి తుపాకీ పేలుతుంది. వేలు వదిలేస్తే పేలదు. స్కోపులో కనిపించేదంతా వైఫై మీద ఐప్యాడ్‌లో పక్కవాళ్లు చూడొచ్చు, రికార్డు కూడా అవుతుంది.

తుపాకీ ముట్టనివాడు కూడా వెయ్యి గజాల దూరంలో కొట్టగలడు అన్నదే వాళ్ల ప్రచారం. ఇక్కడి వేటగాళ్లలోనే చాలామంది ఒప్పుకోలేదు. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలన్నది ఇక్కడ పాత కట్టుబాటు. కొలరాడో రాష్ట్రం ఇలాంటి రైఫిళ్లతో వేటను నిషేధించింది. కంపెనీ 2015 కల్లా డబ్బు ఇబ్బందుల్లో పడి కొంతకాలం ఆర్డర్లు ఆపేసింది. ఆలోచన మాత్రం అక్కడితో ఆగిపోలేదని మీ పోస్టే చెబుతోంది.

---

రేంజ్_కోచ్ (హైదరాబాద్), శనివారం రాత్రి 10:31

ఆట వైపు నుంచి ఒక మాట. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు సైటే ఉండకూడదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపగలగాలి, పోటీకి ముందు బరువు వేలాడదీసి చూస్తారు. మనిషి నైపుణ్యాన్ని కొలిచేది కాబట్టి ఆ హద్దులు.

శిక్షణలో కంప్యూటర్ వద్దని మేమెప్పుడూ అనలేదు. మా దగ్గర స్కాట్ అనే పరికరం ఉంది. బ్యారెల్ దగ్గర చిన్న సెన్సర్ బిగిస్తాం. పిల్లలు గురి పెట్టిన దారంతా తెర మీద గీతలా పడుతుంది. పేల్చడానికి ముందు చివరి సెకను పసుపు రంగులో, అందులోనూ ఆఖరి 0.2 సెకను నీలంలో, పేలిన తర్వాతది ఎరుపులో. పసుపు గీత నడిమధ్యనుండే పదో వలయంలో బుద్ధిగా తిరుగుతూ, నీలం గీత ఉన్నట్టుండి కుడికి జారిందంటే ట్రిగర్‌ను లాగలేదు, గుంజేసింది అని తెలిసిపోతుంది. ఆ నీలం ముక్కను సరిచేసుకోవడానికి పిల్లలకు నెలలు పడుతుంది.

రావు గారు చెప్పిన రైఫిల్ ఆ నెలలన్నీ ఎగరేస్తుంది. నా బెంగంతా అక్కడే. ఆ నెలల్లో పిల్లలు ట్రిగర్ ఒక్కటే నేర్చుకోరు. పేల్చకుండా తుపాకీ దించడం నేర్చుకుంటారు. గురి కుదరకపోతే దించెయ్, ఊపిరి తీసుకో, మళ్లీ ఎత్తు అని రోజూ చెప్తాం. దించడమనే అలవాటు కొత్తవాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. ‘లాగి పట్టుకో, మిగతాది నేను చూసుకుంటా’ అనే తుపాకీ దాన్ని ఎక్కడ నేర్పుతుంది?

---

మిలటరీ_మాధవరం (తాడేపల్లిగూడెం), ఆదివారం ఉదయం 6:40

కోచ్ గారూ, మీ ఆఖరి పేరా ప్రతి రెజిమెంటల్ సెంటర్‌లోనూ గోడకు అంటించాలి.

మాకు రిక్రూట్ రోజుల్లో ఉస్తాద్ మూడు మాటలు నూరిపోసేవాడు. మజ్బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, సహీ ట్రిగర్ ఆపరేషన్. పట్టు, గురి, ట్రిగర్. ఈ కొత్త సైట్లు మూడోది పూర్తిగా, రెండోది సగానికి పైగా తీసుకుంటాయి. జవానుకు పట్టు మిగులుతుంది.

అయినా నేను వీటికి వ్యతిరేకిని కాను. ఫైరింగ్ రేంజ్‌లో మార్క్స్‌మన్ అనిపించుకున్నవాడు కూడా అసలు కాల్పుల్లో పడేసరికి వేరే మనిషి అవుతాడు. పరుగెత్తుకొచ్చి పడుకుని ఉంటావు, గుండె దడదడలాడుతుంటుంది, చెమట కళ్లల్లోకి దిగుతుంటుంది. వందల గుళ్లు గాల్లో కలిసిపోతాయి. అలా పోయిన గుండు ఎక్కడో ఒకచోట పడాలిగా? ఊరి పక్కన కాల్పులు జరిగితే ఆ గుళ్లు ఎవరి గోడలో దిగుతాయో పేల్చినవాడికి తెలియదు. పేల్చిన ఒక్కటీ తగలాల్సిన చోటే తగిలితే, తగలకూడని చోటికి పోయేవి తగ్గుతాయి. ఆ లెక్కన ఇది మంచిదే.

---

బందరు_ఆప్టిక్స్ (మచిలీపట్నం), ఆదివారం ఉదయం 8:05

సాంకేతికంగా రెండు సంగతులు కలుపుతాను. యంత్రం అన్నీ చూసుకుంటుందనే నమ్మకం పెరుగుతోంది, అది సరికాదు.

7.62 మిల్లీమీటర్ల గుండును వెయ్యి గజాలకు కొట్టాలంటే, వంద గజాలకు సరిచేసిన సైటుతో చూస్తే అది దాదాపు పది మీటర్లు కిందకి జారుతుంది. చేరడానికి సెకనున్నర పైనే పడుతుంది. ఈ జారుడు లెక్క కంప్యూటర్‌కు చాలా తేలిక. దూరం లేజర్ చెబుతుంది, మిగతాది గణితం. చిక్కంతా అడ్డగాలితో. గంటకు 16 కిలోమీటర్ల గాలి చాలు, అదే దూరంలో గుండును రెండు మీటర్లకు పైగా పక్కకు నెట్టేస్తుంది. ఆ గాలి మీ దగ్గర ఒకలా, మధ్యలో వాగు మీద ఒకలా, అవతలి గట్టున ఇంకోలా ఉంటుంది. తుపాకీ మీద ఉన్న సెన్సర్‌కు తన దగ్గరున్న గాలే తెలుస్తుంది. ట్రాకింగ్‌పాయింట్‌లో కూడా గాలి వేగాన్ని మనిషే చూసి నమోదు చేయాల్సి వచ్చేది. గడ్డి ఊగుడు, ఎండమావి వాలు చూసి గాలి చదివే పాతకాలపు స్నైపర్ విద్య ఇంకా పోలేదు.

రెండోది, ఇదంతా నిన్న పుట్టిన ఆలోచన కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ యుద్ధ విమానాల్లో గైరో గన్‌సైటు వచ్చింది. శత్రు విమానం రెక్కల వెడల్పు ముందే అమర్చుకుని, థ్రాటిల్ (ఇంజన్ వేగం మార్చే) పిడిని తిప్పుతూ అద్దంలోని చుక్కల వలయాన్ని ఆ విమానం చుట్టూ సరిపెడితే, ఎంత ముందుకు కాల్చాలో సైటే చూపించేది. ఇక ఆధునిక ట్యాంకుల్లో గన్నర్ బటన్ నొక్కినా గొట్టం సైటుతో కలిసిన క్షణంలోనే పేలుతుంది. కృష్ణాతీరం గారు అడిగిన ‘యంత్రం ఆపి వదలడం’ ట్యాంకుల్లో దశాబ్దాలుగా ఉన్నదే. అప్పుడు అది టన్నుల బరువున్న వ్యవస్థ, దాని వెనక కమాండర్, గన్నర్, డ్రైవర్ ఉండేవాళ్లు. ఇప్పుడు అదే కిలో బరువుకు దిగి ఒంటరి మనిషి భుజానికొచ్చింది.

మా ఊళ్లో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) యూనిట్ ఉంది కదా. 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీయే 1983లో బీఈఎల్‌లో కలిసింది. రాత్రి చూపు పరికరాలు, సైట్లు అక్కడ తయారవుతాయి. అటు హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ 1993 నుంచి శిక్షణ సిమ్యులేటర్లు చేస్తోంది. కాబట్టి ఈ చర్చ తెలుగువాళ్లకు దూరదేశపు ముచ్చటేం కాదు, మన పిల్లలు ఈ పరిశ్రమలోనే ఉద్యోగాలు చేస్తున్నారు, రేపూ చేస్తారు.

---

సైబర్_శ్రీను (బెంగళూరు), ఆదివారం ఉదయం 10:22

అందరూ గురి గురించి మాట్లాడుతున్నారు. తుపాకీలో కంప్యూటర్ పెడితే కంప్యూటర్‌కు వచ్చే రోగాలన్నీ తుపాకీకీ వస్తాయి. ఇది ఊహ కాదు, 2015లో చేసి చూపించారు.

రూనా శాండ్విక్, మైకేల్ ఆగర్ అనే భద్రతా పరిశోధకులు, భార్యాభర్తలు, రావు గారు చెప్పిన ట్రాకింగ్‌పాయింట్ రైఫిల్‌ను విప్పి చూశారు. ఆ ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్ బ్లాక్ హ్యాట్ సదస్సులో వివరించారు. వైఫై ఆన్ చేసి ఉంటే, కంపెనీ పెట్టిన పాస్‌వర్డుతోనే లోపలికి వెళ్లొచ్చు. లోపలికి వెళ్లాక గుండు బరువు అనే అంకెను మార్చారు. 0.4 ఔన్సులు ఉండాల్సిన చోట 72 పౌండ్లు. స్కోపు ఆ అంకెను మారుమాట్లాడకుండా నమ్మింది. పేల్చిన మనిషి తన లక్ష్యానికే గురిపెట్టాడు, గుండు మాత్రం రెండున్నర అడుగులు ఎడమకు పోయి పక్క లక్ష్యం నడిబొడ్డున తగిలింది. స్కోపులో చూస్తున్నవాడికి తేడా ఏమీ తెలియలేదు. పరిశోధకులు స్కోపును స్తంభింపజేయగలిగారు, అసలు పేలకుండానూ చేయగలిగారు.

ఒక్కటి మాత్రం చేయలేకపోయారు. దూరం నుంచి తుపాకీని పేల్చలేకపోయారు. ఎందుకంటే ఆ రైఫిల్ పేలాలంటే మనిషి వేలు ట్రిగర్ మీద ఉండి తీరాలి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో కాక ఇనుములో కట్టారు. ఇక్కడ మనకు నికరంగా దొరికిన పాఠం ఇదే. ఏది ఎప్పటికీ జరగకూడదో దాన్ని ప్రోగ్రాం మాటకు వదలకూడదు, భౌతికంగా అడ్డుకట్ట ఉండాలి. అప్‌డేట్ ఎవరు ఇస్తున్నారు, దాని మీద డిజిటల్ సంతకం సరిచూసే ఏర్పాటు ఉందా, రేడియో పూర్తిగా తీసేయవచ్చా అని టెండర్‌లో అడగాల్సిన ప్రశ్నలు బోలెడు.

ఇంకొకటి కూడా ఆలోచించండి. పేలకుండా ఆపగలిగిన తుపాకీ అంటే, పేలకుండా ఆపే అధికారం ఇంకెవరి చేతికైనా పోగల తుపాకీ. విదేశం నుంచి కొన్నప్పుడు ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

---

మిలటరీ_మాధవరం, ఆదివారం ఉదయం 10:58

శ్రీను తమ్ముడూ, ఆఖరి లైను చదివి కాసేపు ఊరుకుండిపోయాను. కాల్పుల మధ్యలో ట్రిగర్ లాగితే పేలకపోవడం కంటే జవానుకు భయం ఇంకోటి లేదు. సైటు చచ్చిపోయినా తుపాకీ తుపాకీలా పనిచేయాలి. పాత ఇనుప సైటు కింద ఉండి తీరాలి. దీనిమీద బేరం లేదు.

---

గోదావరి_గాలి (రాజమండ్రి), ఆదివారం మధ్యాహ్నం 12:15

అమ్మకం కాగితాల మీద ఉన్నంత గొప్పగా ఇవేవీ చేతిలోకి వచ్చాక లేవన్నది కూడా చెప్పుకోవాలి. అమెరికా ఎక్స్‌ఎం25 అనే 25 మిల్లీమీటర్ల తుపాకీని 2010 చివర్లో అఫ్గానిస్తాన్ పంపింది. గోడ వెనక దాక్కున్నవాడి నెత్తి మీద గాల్లో పేలే గుండు, దూరం లెక్క కంప్యూటర్‌ది. 2013లో ప్రమాదం జరిగి ఒక సైనికుడికి గాయమైంది, 2018లో ప్రాజెక్టే ఎత్తేశారు. దక్షిణ కొరియా తెచ్చిన ఇలాంటి తుపాకీ కే11 కథా అంతే, 2019 డిసెంబరులో ముగిసింది.

మొదటి పోస్టులో చెప్పిన ఎక్స్‌ఎం157 సంగతి చూడండి. పెంటగాన్ సొంత పరీక్షల విభాగం 2024 ఆర్థిక సంవత్సరం నివేదికలో, వాడకం సౌలభ్యాన్ని సైనికులు సగటు కంటే తక్కువ, ఫెయిల్ అన్న స్థాయిలో వేశారని రాసింది. అది బిగించిన రైఫిల్ 72 గంటల యుద్ధకాలపు మిషన్‌ను పెద్ద వైఫల్యం లేకుండా పూర్తిచేసే అవకాశం తక్కువ అని కూడా.

---

కృష్ణాతీరం, ఆదివారం మధ్యాహ్నం 1:40

గాలి గారూ, అన్ని సమస్యలున్నా సైన్యాలు ఎందుకు వదలట్లేదు అంటే కారణం డ్రోన్లే అనిపిస్తోంది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు వేశారు. నేవీ స్మాష్ తీసుకున్నదీ డ్రోన్ల కోసమే. ఐదారు వందల డాలర్ల క్వాడ్‌కాప్టర్ మీదికి లక్షల డాలర్ల క్షిపణి వదలలేం. రైఫిల్‌తోనే కూల్చాలి. మనిషి కంటితో అది సాధ్యమేనా?

---

బందరు_ఆప్టిక్స్, ఆదివారం మధ్యాహ్నం 2:10

చాలా కష్టం. లెక్క చూడండి. 200 మీటర్ల దూరంలో సెకనుకు 15 మీటర్ల వేగంతో అడ్డంగా పోతున్న డ్రోన్. 5.56 మిల్లీమీటర్ల గుండు అక్కడికి చేరడానికి పావు సెకను పడుతుంది. ఈలోగా డ్రోన్ దాదాపు నాలుగు మీటర్లు జరిగిపోతుంది. అంటే పళ్లెమంత వస్తువును కొట్టడానికి దానికి నాలుగు మీటర్ల ముందున్న ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి. పైగా అది సూటిగా పోదు. మనిషికి గుడ్డి అదృష్టం, యంత్రానికి మామూలు లెక్క.

డ్రోన్‌ను కొట్టేటప్పుడు తప్పు లక్ష్యం అనే బాధ కూడా తక్కువ. ఆకాశంలో ఉన్నది డ్రోనా కొంగా అన్నదే పెద్ద అనుమానం. అందుకే ఈ పనికి ఇలాంటి సైటు పూర్తిగా సబబు అని నా అభిప్రాయం. అదే సైటును నేలకు దించి మనిషి మీద పెట్టినప్పుడే కృష్ణాతీరం గారి ప్రశ్న మొదలవుతుంది.

---

వరంగల్_స్వాతి (వరంగల్), ఆదివారం సాయంత్రం 5:33

అందరు మంచిగనే చెప్పిన్రు. కానీ ఒక మాట ఎవరూ అనలే. సైన్యం కోసం వచ్చిన సామాను సైన్యం కాడనే ఆగదు.

2022 సెప్టెంబర్ల పాలస్తీనాల ఉన్న హెబ్రాన్ నగరంల, షుహదా వీధి చెక్‌పోస్టు మీద గదే స్మార్ట్‌షూటర్ కంపెనీ రిమోట్ యంత్రం బిగించిన్రు. జనాన్ని చెదరగొట్టనీకి. టియర్ గ్యాస్, స్టన్ గ్రెనేడ్లు, స్పాంజ్ గుండ్లు వేస్తదని పత్రికలల్ల వచ్చింది. ఆ తొవ్వల రోజూ బడికి పోయే పిల్లలు, కూరగాయలు తెచ్చుకునే ఆడోళ్లు ఉంటరు. వాళ్ల తలకాయ మీద ఒక గొట్టం తిరుగుతుంటది, దాని ఎనుక మనిషి కండ్లు కనవడవు. ఎదురుంగ పోలీసు నిలవడితే కనీసం అన్నా, సారూ అని చేతులెత్తి మాట్లాడొచ్చు. గొట్టానికి ఏం చెప్పుకుంటవ్?

మాధవరం సార్ చెప్పినట్టు గుండు సక్కగ పోతే పక్కోళ్లకు తగల్దు, నిజమే. కానీ మన దగ్గర దశరథుని కథ అందరికీ తెల్సు. చప్పుడు విని బాణమేసిండు. గురి తప్పలే. కుండల నీళ్లు ముంచుతున్న శ్రవణకుమారునికి సక్కగ తాకింది. ఏనుగనుకున్నడు, గంతే. ఆ బాణానికి కంప్యూటర్ పెడితే ఇంక గట్టిగ తాకుతుండె.

---

లా_పాయింట్ (గుంటూరు), ఆదివారం రాత్రి 8:47

స్వాతి గారి పోస్టు చర్చను అసలు చోటికి తెచ్చింది. చట్టం వైపు నుంచి చెప్తాను.

యుద్ధ నియమాల్లో మొదటిది విచక్షణ. పోరాడేవాణ్ణి, పోరాడనివాణ్ణి వేరుచేసి చూడాలి. ఈ బాధ్యత మనిషి మీదే ఉంటుంది, పరికరం మీద కాదు. స్మాష్ లాంటి సైటు విషయంలో లక్ష్యాన్ని ఎంచేదీ మనిషే, ట్రిగర్ లాగేదీ మనిషే. యంత్రం చేసేది క్షణాన్ని ఎంచడం. కాబట్టి ఇప్పుడున్న చట్టం ప్రకారం కృష్ణాతీరం గారి ప్రశ్నకు జవాబు తేలికే: పేల్చింది జవానే, జవాబుదారీ జవానూ, అతనికి ఆదేశమిచ్చిన అధికారీ.

అయితే ఆ తేలిక జవాబుతో నాకు తృప్తి లేదు. బటన్ నొక్కి గుర్తు పెట్టడానికీ గుండు పేలడానికీ మధ్య రెండు మూడు సెకన్లు గడవొచ్చు. ఆ మధ్యలో ఎదుటివాడు తుపాకీ కింద పడేసి చేతులెత్తాడనుకోండి. లొంగిపోయినవాణ్ణి కాల్చడం యుద్ధ నేరం. వేలు వదిలేస్తే పేలదు, నిజమే. కానీ తెర మీద లక్ష్యం చుట్టూ ఉన్న చతురస్రం వెంట కళ్లు పెట్టుకుని, పేలే క్షణం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఆ చేతుల్ని గమనిస్తాడా? రేంజ్_కోచ్ గారు చెప్పిన ‘దించడం’ సరిగ్గా ఇక్కడ కావాలి.

కొత్త ఆయుధం తీసుకునే ముందు అది చట్టానికి ఒప్పుతుందో లేదో ప్రతి దేశం సమీక్షించాలని జెనీవా ఒప్పందాలకు చేర్చిన 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ 36వ అధికరణం చెబుతుంది. భారత్ ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు. 2023 డిసెంబరులో స్వయంచాలక ఆయుధాల మీద ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటేస్తే, మన దేశం వ్యతిరేకంగా ఓటేసిన కొద్ది దేశాల్లో ఒకటి. జెనీవాలో ఇప్పటికే నడుస్తున్న చర్చే దీనికి తగిన వేదిక అన్నది మన వాదన. ఆ వాదనలో కొంత పస ఉంది. కానీ జెనీవాలో ఏళ్లు గడుస్తున్నాయి, కొనుగోళ్లు ఆగట్లేదు.

ఇక మనిషిని తుపాకీ దగ్గర నుంచి పూర్తిగా దూరం జరిపితే ఏమవుతుందో కూడా చూశాం. 2020 నవంబరు 27న ఇరాన్ అణు శాస్త్రవేత్త ఫక్రిజాదే హత్య జరిగింది. న్యూయార్క్ టైమ్స్ 2021 కథనం ప్రకారం రోడ్డు పక్కన ట్రక్కులో పెట్టిన మెషిన్‌గన్‌ను శాటిలైట్ ద్వారా వేరే దేశం నుంచి నడిపారు. సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే 1.6 సెకన్ల ఆలస్యాన్ని, కారు కదలికను సాఫ్ట్‌వేర్ సరిచేసింది. పక్కన కూర్చున్న భార్యకు గుండు తగల్లేదు. గురి ఎంత మెరుగ్గా ఉందో చెప్పడానికి దీన్ని కొందరు ఉదాహరణగా చూపిస్తారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది ఇంకొకటి. హంతకుడు ఆ గడ్డ మీదే లేడు. పట్టుకోవడానికి ఎవరూ లేరు.

---

మిలటరీ_మాధవరం, ఆదివారం రాత్రి 9:30

లాయరు గారూ, చేతులెత్తిన మనిషి గురించి మీరు రాసింది నిజం. రాత్రిపూట ఇంకా కష్టం.

స్వాతమ్మ చెప్పిన దశరథుడి మాటకు నేనొకటి కలపాలి. 2021 డిసెంబరు 4న నాగాలాండ్ మోన్ జిల్లా ఓటింగ్‌లో బొగ్గు గని నుంచి ట్రక్కులో ఇంటికొస్తున్న కూలీలను తీవ్రవాదులనుకుని కమాండోలు కాల్చారు. ఆరుగురు పోయారు. అక్కడున్నది దేశంలోకెల్లా ఆరితేరిన షూటర్లు. గురికి లోటేం లేదు. ట్రక్కులో ఉన్నదెవరన్నదే తప్పింది. నేను యూనిఫాం వేసుకున్నవాణ్ణి, ఇది రాయడం నాకు తేలిక కాదు. కానీ ఆ రోజు ప్రతి తుపాకీ మీదా ఈ సైటు ఉన్నా ఆ ఆరుగురూ బతికేవాళ్లు కాదు.

---

లా_పాయింట్, ఆదివారం రాత్రి 9:52

మీరు రాసినందుకు గౌరవం పెరిగింది మాధవరం గారూ. ఆ కేసులో రాష్ట్ర పోలీసులు 30 మంది మీద అభియోగపత్రం వేశారు. కేంద్రం విచారణకు అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ క్రిమినల్ చర్యలను ముగించింది. అంటే మనిషి స్వయంగా గురిపెట్టి స్వయంగా కాల్చినప్పుడే బాధ్యత ఇలా తేలకుండా పోతోంది. మధ్యలో ‘సైటు అలా చూపించింది’ అనే మాట కూడా చేరితే?

---

సైబర్_శ్రీను, ఆదివారం రాత్రి 10:20

లాయరు గారూ, ఇక్కడే ఈ సైట్ల వల్ల ఒక మేలు జరిగే వీలుంది. ఇవి చూసిందంతా రికార్డు చేయగలవు. ఎవరి మీద గుర్తు పెట్టారు, ఎన్నో సెకనులో పేలింది, అప్పుడు తెరలో ఏముంది, అన్నీ. విచారణలో ‘చీకట్లో కనబడలేదు’ అన్న మాట నిజమో కాదో ఫ్రేము ఫ్రేముగా చూసుకోవచ్చు. నిజంగా కనబడకపోతే జవానును ఆ రికార్డే కాపాడుతుంది.

కాకపోతే ఆ రికార్డు పేల్చిన యూనిట్ చేతిలోనే ఉంటే ఉపయోగం సున్నా. చెరిపేయడం క్షణం పని. లోపలే ఎన్‌క్రిప్ట్ అవ్వాలి, మార్చితే తెలిసేలా ఉండాలి, తాళం బయటి న్యాయాధికారి దగ్గర ఉండాలి. సాంకేతికంగా ఇదేమీ కొత్తది కాదు, విమానాల్లో బ్లాక్‌బాక్స్ దశాబ్దాలుగా ఉంది.

---

వరంగల్_స్వాతి, ఆదివారం రాత్రి 10:41

శ్రీనన్నా, గది మంచి మాట. కానీ పోలీసుల ఒంటిమీది కెమెరాలు సరిగ్గ అవసరమున్న రోజే బందయితయని మనం ఎన్నిసార్లు వినలే? రికార్డు లేకుంటే తుపాకీ పేలొద్దు అని పెట్టుడైతదా?

---

సైబర్_శ్రీను, ఆదివారం రాత్రి 10:55

పెట్టొచ్చు అక్కా. పోలీసు వాడకానికైతే అదే పెట్టాలి: రికార్డింగ్ నడవకపోతే రిమోట్ గొట్టం కదలనే కూడదు. సరిహద్దులో జవాను తుపాకీకి మాత్రం ఆ షరతు పెట్టలేం, మాధవరం గారు పొద్దున చెప్పిన కారణం వల్లే.

---

మిలటరీ_మాధవరం, సోమవారం ఉదయం 6:15

అవును, రెండూ వేరు. యుద్ధంలో సైటు ఆగితే తుపాకీ ఆగకూడదు. జనం మీద వాడేదైతే సైటు ఆగితే తుపాకీ కూడా ఆగాలి. ఒకే కంపెనీ ఒకే సామాను రెండు చోట్లా అమ్ముతోంది కాబట్టి కొనేవాళ్లే ఈ తేడా రాసుకోవాలి.

రికార్డు సంగతికొస్తే, నా వరకు నేను ఒప్పుకుంటాను. నా తుపాకీ ఏం చూసిందో బయటివాడు చూస్తాడంటే మొదట ఎవరికైనా మనసు ఒప్పదు. సర్వీసులో ఉన్న మా కుర్రాళ్లూ ఒప్పుకోరు. అయినా ఉండాలి. ఒకటే కోరతాను. జవాను ఫుటేజీతో పాటు ఆ రోజు అతనికి ‘ట్రక్కులో తీవ్రవాదులే’ అని కబురు పంపినవాడి రికార్డు కూడా భద్రపరచాలి. గురిపెట్టిన చేతి ఒక్కదాన్నే బోనెక్కించి, వేలు చూపించినవాణ్ణి వదిలేస్తే లాభం లేదు.

---

కృష్ణాతీరం, సోమవారం ఉదయం 7:30

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మాధవరం గారి ఆఖరి మాట, శ్రీను గారి రికార్డు షరతు, స్వాతి గారి పోలీసు ప్రశ్న కలిపి మన ఎంపీకి ఒక వినతిపత్రంగా రాద్దామనుకుంటున్నాను. రక్షణ శాఖను పార్లమెంటులో రాతపూర్వకంగా అడిగించవచ్చు: ఇలాంటి సైట్లు కొనేటప్పుడు రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది, అప్‌డేట్ల తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పోలీసు బలగాలకు ఇస్తే ఏ నియమాలతో ఇస్తారు. లా_పాయింట్ గారూ, ముసాయిదా ఈ వారంలో ఇక్కడే పెడతాను, చట్టం భాష మీరు సరిచూస్తారా?

---

లా_పాయింట్, సోమవారం ఉదయం 9:05

తప్పకుండా. నాలుగోది కూడా చేర్చండి: గుర్తు పెట్టాక ఎదుటివాడు లొంగిపోతే వెంటనే గుర్తు తీసేసి తుపాకీ దించడం శిక్షణలో భాగమా, కాదా. రేంజ్_కోచ్ గారు ఆ భాగం రాసిస్తే బాగుంటుంది.

---

రేంజ్_కోచ్, సోమవారం ఉదయం 9:40

రాసిస్తాను. సాయంత్రం పిల్లల ప్రాక్టీసు అయ్యాక పంపుతాను.